పన్నెండు బార్ల పాట

అమ్మలూ, చెవుల్లోంచి ఆ ఇయర్‌ఫోన్లు తీసి ఇలా కూర్చో. జాజ్‌లో ఎవడికి తోచింది వాడు వాయిస్తాడన్నావు కదా పొద్దున? అందులో ఎంత లెక్కుందో చెప్తాను.

1930లలో అమెరికా స్వింగ్ జాజ్ బ్యాండ్లు వాయించిన బ్లూస్‌కి పన్నెండు బార్ల చట్రం ఉండేది. నవ్వకు, ఇది తాగే బారు కాదు! బారంటే నాలుగు దెబ్బలు. పన్నెండు నాలుగులు 48. మన ఆదితాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలు. అవి అయ్యాక మళ్ళీ మొదటికి.

ఇక హార్మనీ. షడ్జమం సెకనుకు 400 సార్లు కంపిస్తే అంతర గాంధారం 500, పంచమం 600 సార్లు. నాలుగు, ఐదు, ఆరు: లెక్క అంత నున్నగా ఉంది కాబట్టే మూడూ కలిపి మోగిస్తే చెవికి హాయి. ఇలాంటి స్వరాల గుత్తినే కార్డ్ అంటారు. స-గ-ప సొంతిల్లు. మొదటి నాలుగు బార్లూ అక్కడే. ఐదో బారులో మ-ద-స గుత్తికి వెళ్తారు, ఏడులో ఇల్లు చేరతారు. తొమ్మిదిలో ప-ని-రి వైపు మళ్ళి, పదకొండుకల్లా మళ్ళీ ఇంట్లో ఉంటారు. మధ్యలో చిన్నచిన్న గుత్తులు దూర్చినా దారి మాత్రం ఇదే.

అసలు తమాషా గాంధారంలో ఉంది. ఇంట్లో ఉండగా సాధారణ గాంధారం పలికితే అంతర గాంధారంతో ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడే బ్లూస్‌కి ఆవకాయ ఘాటు. ఐదో బారు రాగానే మ-ద-సకి నాలుగో స్వరంగా ఆ సాధారణ గాంధారాన్నే చేరుస్తారు. అప్పటిదాకా గిల్లిన స్వరం ఇంటి మనిషైపోతుంది! ఆశువుగా వాయించేవాడి నేర్పు ఇలాంటి మలుపుల దగ్గరే తెలుస్తుంది. మన విద్వాంసుడు స్వరకల్పన చేస్తూ ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, మరచిపోడు చూడు, అలాగే వాళ్ళూ బారు మరచిపోరు.

కౌంట్ బేసీ బ్యాండు 1937లో రికార్డు చేసిన ‘వన్ ఓ క్లాక్ జంప్’ వినిపిస్తాను. ముందు బేసీ పియానో, తర్వాత హెర్షల్ ఎవాన్స్, లెస్టర్ యంగ్ లాంటివాళ్ళు వంతులవారీగా ఇదే చట్రం మీద వాయిస్తారు. డ్యూక్ ఎల్లింగ్టన్ ‘సి జామ్ బ్లూస్’ పల్లవిలోనైతే ఉన్నవి రెండే స్వరాలు: ప, స. కింద గుత్తి మారుతుంటే ఆ రెండే కొత్తగా వినిపిస్తాయి.

ఏదీ, తొడ మీద తాళం వెయ్యి. పదిహేడో దెబ్బ దగ్గర ఏం మారిందో నువ్వే చెప్పాలి.