సంచి ఏ చేతిలో ఉంది?

సోమవారం ఎపిసోడ్‌లో కోడలు అత్తగారితో గొడవపడి, సంచి చేతపట్టుకుని హాలు గుమ్మం దాటుతుంది. మరుక్షణం గేటు దగ్గర కనిపిస్తుంది. చూసేవాళ్లకు అది నాలుగడుగుల నడక. తీసినవాళ్లకు ఆ రెండు షాట్ల మధ్య వారం రోజులు గడిచి ఉండొచ్చు. హాలు స్టూడియోలో వేసిన సెట్, గేటేమో మణికొండలో అద్దెకు తీసుకున్న ఇంటిది. గుమ్మం దగ్గర సంచి ఎడమ చేతిలో ఉంటే గేటు దగ్గరా ఎడమ చేతిలోనే ఉండాలి. తలలో పూలు మూరెడా, రెండు మూరలా? కొంగు వదిలేసి ఉందా, నడుముకు దోపుకుందా? దెబ్బ పడింది ఏ చెంప మీద? కాటుక ఎంత చెదిరింది?

కంటిన్యుటీ అనే ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికి సెట్‌లో ఒక మనిషి ఉంటాడు, లేదా ఉంటుంది. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో డైరెక్టర్, కో-డైరెక్టర్, అసోసియేట్ తర్వాత వచ్చే అసిస్టెంట్. అప్రెంటిస్‌ను పక్కన పెడితే వరసలో ఆఖరివాడు. ఆ పని సరిగ్గా జరిగితే ఎవరి కంటా పడదు, తప్పు జరిగితేనే ఇంటింటా పట్టుకుంటారు. తెలుగు సీరియల్ రోజుకో ఎపిసోడ్ చొప్పున ఏళ్ల తరబడి నడుస్తోందంటే అందులో పెద్ద భాగం ఈ ఆఖరివాడి జ్ఞాపకశక్తి మీదే నిలబడి ఉందని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ముందు ఒక లెక్క చూడాలి.

కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఛానెల్ సొంత ప్రచారంతో కలిపి ప్రకటనలు గంటకు 12 నిమిషాలు దాటకూడదు. అంటే అరగంట స్లాట్‌లో 6 నిమిషాలు ప్రకటనలకు పోతాయి. టైటిల్స్, నిన్నటి కథ, రేపటి ప్రోమో తీసేస్తే 20 నిమిషాలు, కాస్త అటూ ఇటూగా, కొత్తగా తీసినది ఉండాలి. వారానికి ఆరు రోజులు ప్రసారమయ్యే సీరియల్‌కు నెలకు సుమారు 26 ఎపిసోడ్లు కావాలి. సినిమా యూనిట్ రోజంతా పనిచేసి రెండు మూడు నిమిషాల సినిమా తీస్తే బాగా తీసినట్టే లెక్క. సీరియల్ యూనిట్ అదే రోజులో దాదాపు ఒక ఎపిసోడ్ లాగాలి. ఈటీవీ ‘అభిషేకం’ 2008 చివర మొదలై 2022 వరకు దాదాపు 4,000 ఎపిసోడ్లు నడిచింది. స్టార్ మా ‘కార్తీక దీపం’ 2017 నుంచి 2023 జనవరి వరకు 1,500 దాటింది. అంత పొడవున కథ రాసేవాళ్లు మారతారు, కెమెరామెన్ మారతారు, ఒక్కోసారి హీరోయినే మారుతుంది. కోడలి పడకగది తలుపు ఏ వైపు తెరుచుకుంటుందన్నది మాత్రం మారకూడదు.

వేగం ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. అసలు చిక్కు, సీన్లు కథ వరసలో తీయరు. కారణాలు రెండు. మొదటిది లైటింగ్. పడకగదిలో ఒకసారి లైట్లు పెట్టాక, నాలుగైదు ఎపిసోడ్లకు కావలసిన పడకగది సీన్లన్నీ అక్కడే తీసేస్తారు. రెండోది ఆర్టిస్టుల డేట్లు. మన సీరియళ్లలో నాయికలు, నాయకులు చాలామంది బెంగళూరు నుంచి వస్తారు. నెలలో కొన్ని రోజులు ఈ సీరియల్‌కు, మిగతావి కన్నడానికో ఇంకో తెలుగు సీరియల్‌కో ఇచ్చి ఉంటారు. అత్త, కోడలు, కొడుకు ముగ్గురూ ఒకే రోజు దొరకడం పండగ లాంటిది. అలా దొరికిన రోజున ‘కాంబినేషన్’ సీన్లన్నీ ఊడ్చిపెట్టినట్టు తీసేస్తారు. ఒక నటి పొద్దుటి నుంచి రాత్రి లోపు అయిదారు చీరలు మారుస్తుంది. మంగళవారం ఎపిసోడ్‌లో నవ్వి, భోజనానికి ముందు శుక్రవారం ఎపిసోడ్‌లో ఏడ్చి, మధ్యాహ్నం మళ్లీ సోమవారానికి వస్తుంది. ఆ కుప్పలో ఏ ముక్క ఎక్కడిదో తెలియాల్సింది అసిస్టెంట్‌కే.

ఇప్పుడు అతని రోజు చూద్దాం. కాల్‌షీట్ తొమ్మిదింటికైతే అతను ఏడింటికే రావాలి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో ముగ్గురు నలుగురు కలిసి అద్దెకుండే గదుల నుంచి బయల్దేరతారు చాలామంది. షూటింగ్ అన్నపూర్ణలో కావచ్చు, అమీర్‌పేట సారథిలో కావచ్చు, ఊరవతల ఎక్కడో ఇంట్లో కావచ్చు. టిఫిన్ ప్రొడక్షన్ వాళ్లు పెడతారు. ప్లేటు చేతిలో ఉండగానే సీన్ పేపర్ వాట్సాప్‌లో వస్తుంది, కొన్నిసార్లు సగమే వస్తుంది. కాస్ట్యూమర్‌కు ఏ చీరో చెప్పాలి, ఆర్ట్ వాళ్లకు పసుపు కుంకుమ పళ్లెం కావాలని చెప్పాలి, మేకప్ గది తలుపు దగ్గర నిలబడి “మేడమ్, షాట్ రెడీ” అని మర్యాద తగ్గకుండా, తొందర మాత్రం తెలిసేలా పిలవాలి. తర్వాత క్లాప్ కొట్టాలి, సీన్ నంబరు, షాట్ నంబరు, ఏ టేక్ ఓకేనో రిపోర్ట్ రాయాలి. ఎడిటర్‌కు వెళ్లే ఆ కాగితంలో ఒక అంకె తప్పు పడితే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.

వీటన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ప్రాంప్టింగ్. సీన్ పొద్దున వచ్చింది. నటికి తెలుగు రాదు, లేదా అప్పుడప్పుడే వస్తోంది. నాలుగు పేజీల డైలాగు బట్టీ పట్టడానికి వ్యవధి లేదు. అందుకని అసిస్టెంట్ కెమెరా పక్కన, ఫ్రేములో పడకుండా, ఆమె చూపు సహజంగా వెళ్లే వైపు కూర్చుని డైలాగు చదువుతాడు. ఆమె విని పలుకుతుంది. వినడానికి తేలికే. వాక్యం మొత్తం చదివితే ఆమెకు సగమే గుర్తుంటుంది. మాట మాటగా చదివితే ఆమె ముఖంలో భావం తెగిపోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో గమనించి, ఆ విరుపు దగ్గర తర్వాతి ముక్క అందించాలి. ఏడుపు సీన్లో గొంతు తగ్గించాలి, పోట్లాటలో పెంచాలి. చదివేవాడి గొంతులో కోపం లేకపోతే పలికే మనిషి కళ్లలో కోపం రాదు. అలాగని తానే నటించేస్తే ఆమె తన పాత్ర వదిలేసి ఇతన్ని అనుకరిస్తుంది.

ఆ గొంతు మనకు టీవీలో వినపడదు, ఎందుకంటే అక్కడ రికార్డయ్యేది డబ్బింగ్‌కు ఆనవాలుగా ఉండే పైలట్ ట్రాక్ మాత్రమే. అసలు మాట తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో వేరే కళాకారిణి చెబుతుంది. ఆమె చెవిలో మాత్రం ఈ అసిస్టెంట్ గొంతు పడుతుంది. ఎక్కడ ఒత్తు పడాలో, ఎక్కడ ఆగాలో ఆ చదువులోంచి ఆమెకు కొంత అందుతుంది. ఒక పాత్రకు ముఖం ఒకరిది, గొంతు ఒకరిది, ఆ రెండింటికీ ముందే లయ కట్టినవాడు మూడోవాడు. అవార్డులు మొదటి ఇద్దరికీ ఉన్నాయి.

ప్రాంప్టింగ్ వల్ల ఇంకో పని పుడుతుంది. చదవడానికీ పలకడానికీ మధ్య ఖాళీలు మిగులుతాయి. వాటిని ఎడిటర్ కప్పాలంటే పక్కవాళ్ల ముఖాలు కావాలి. సీరియల్‌లో ఒక్క మాటకు ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు ఉలిక్కిపడటాన్ని మనం సాగదీత అనుకుంటాం. సాగదీత కొంత ఉంది, కాదనను. కానీ ఆ రియాక్షన్లలో కొన్ని అతుకులు కప్పడానికి తీసినవే. మాస్టర్ షాట్, సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే షాట్లు), క్లోజులు అయ్యాక, హాల్లో ఉన్న ఎనిమిది మందిలో ఎవరి రియాక్షన్ అయింది, ఎవరిది మిగిలింది, ఎవరు ఏ వైపు చూడాలి, ఈ చిట్టా కూడా అసిస్టెంట్ దగ్గరే ఉంటుంది. బాబాయి పాత్రధారి విమానానికి టైమైందని వెళ్లిపోయాక ఆయన క్లోజు మర్చిపోయారని తేలితే, దాని కోసం ఆయన మళ్లీ వచ్చేదాకా ఆగాలి.

ఒకప్పుడు ఈ వివరాలన్నీ పుస్తకంలో రాసుకునేవారు. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీస్తారు. చీర, గాజులు, టేబుల్ మీద గ్లాసులో నీళ్లెంత, గోడ గడియారం ఎంత చూపిస్తోంది, అన్నీ ఫొటోలే. అయితే ఫొటోకు అందని కంటిన్యుటీ ఒకటుంది, అది మన భాషలో మరీ ఎక్కువ. ఈ ఇంట్లో కోడలు అత్తగారిని ‘అత్తయ్యా’ అంటుందా, ‘అత్తమ్మా’ అంటుందా? ఆడపడుచు తనకంటే పెద్దదా, చిన్నదా? పెద్దదైతే ‘వదినా’ అని పిలవాలి, చిన్నదైతే పేరు పెట్టి పిలవొచ్చు. మామగారిని ‘మీరు’ అనే మనిషి కోపంలో ‘నువ్వు’ అంటే అది కథలో పెద్ద సంఘటన, పొరపాటున అంటే పెద్ద తప్పు. డైలాగు రాసేవారు మారినప్పుడు ఇవే ముందు జారిపోతాయి. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న నటికి తేడా తెలిసే అవకాశం లేదు. సీన్ పేపర్ చదువుతూనే పట్టుకుని, డైరెక్టర్ పనిలో ఉంటే కో-డైరెక్టర్ దగ్గరికెళ్లి “అన్నా, ఈవిడ మామయ్యగారిని ఎప్పుడూ మీరనే అంటుంది” అని మెల్లగా చెప్పే అసిస్టెంట్ ఉన్న సీరియల్ అదృష్టవంతురాలు. వరసలు తప్పితే మన ప్రేక్షకులు క్షమించరు, క్షమించకపోవడం న్యాయమే.

గురువారం వేరే రకం రోజు. ఎంపిక చేసిన ఇళ్లలో పెట్టిన మీటర్ల ఆధారంగా బార్క్ సంస్థ లెక్కగట్టే రేటింగులు ఆ రోజు వస్తాయి. పడిపోతే ఛానెల్ ఈపీ (ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్) నుంచి ఫోన్లు వస్తాయి. కథ మలుపు ముందుకు జరుగుతుంది, తీసిన సీన్లు కొన్ని పక్కకు పోతాయి, కొన్ని మళ్లీ తీస్తారు. వారం రోజులుగా పోగేసిన కంటిన్యుటీ లెక్కలు తిరగరాయాలి. ప్రసారానికి ముందే సిద్ధంగా ఉంచుకున్న ఎపిసోడ్లు తక్కువగా ఉంటే ఈ రాత్రి తీసింది రేపో ఎల్లుండో ప్రసారం కావాలి. తొమ్మిదింటికి ‘ప్యాకప్’ అన్నాక కూడా అసిస్టెంట్‌కు రిపోర్టులు, రేపటి ఆర్టిస్టులకు టైమింగు ఫోన్లు మిగిలే ఉంటాయి. అమ్మాయిలైతే ఆ వేళప్పుడు ఇంటికెలా చేరాలన్నది ఇంకో లెక్క. ఊరవతలి అద్దె ఇంట్లో షూటింగైతే వాళ్లకు సరైన బాత్రూమ్ కూడా ఉండకపోవచ్చు. కారవాన్ పేరున్న ఆర్టిస్టులకే. తెలుగు సినిమా, టీవీ రంగాల్లో మహిళల పరిస్థితిపై ఉపసంఘం తెలంగాణ ప్రభుత్వానికిచ్చిన నివేదికను బయటపెట్టాలని 2024 ఆగస్టులో నటి సమంత బహిరంగంగా కోరారు. అలాంటి నివేదికల అవసరం తెర మీద కనిపించేవారికంటే కనిపించనివారికే ఎక్కువ.

డబ్బు సంగతి. అప్రెంటిస్‌గా చేరినవారికి చాలాచోట్ల భోజనం, బస్ ఖర్చులకు బత్తా తప్ప జీతం ఉండదు. అసిస్టెంట్ అయ్యాక రోజు లెక్కనో నెల లెక్కనో వస్తుంది, అదీ షూటింగ్ జరిగితేనే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగినప్పుడు ఛానెళ్లు పాత ఎపిసోడ్లు వేసి తెర నింపుకున్నాయి. జూన్‌లో అనుమతి వచ్చేదాకా కృష్ణానగర్ గదుల్లో ఉన్నవారికి నింపుకోవడానికి ఏమీ లేదు. మరి ఎందుకు ఉంటారు? నేర్చుకునే వేగం కోసం. సినిమాలో ఏడాదికి ఒకటో రెండో కథలు చూసే అసిస్టెంట్, సీరియల్‌లో ఏడాదికి మూడొందల ఎపిసోడ్లు చూస్తాడు. నాలుగైదేళ్లు నిలబడితే, డైరెక్టర్ రాలేని రోజున సెకండ్ యూనిట్ అతని చేతికొస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో అప్పటికి అతనికి చేతి వాటంగా వచ్చేసి ఉంటుంది. ఇది నిజమైన చదువే. ఆ పేరు చెప్పి జీతం ఎగ్గొట్టడం మాత్రం తప్పు. కంటిన్యుటీ చూసేవాడు లేకుండా ఒక్క షెడ్యూలైనా నడపలేనప్పుడు, అతను నేర్చుకుంటున్నాడు కదా అని ఉత్తి చేతులతో ఇంటికి పంపడానికి ఏ ఆధారమూ లేదు.

ఈ రంగంలో చాలా ఒప్పందాలు నోటిమాటవే. టైటిల్స్‌లో పేరు పడినా కన్ను మూసి తెరిచేలోపు వెళ్లిపోతుంది. 1981 నాటి సినీ కార్మికుల చట్టం ఫీచర్ సినిమాలను ఉద్దేశించింది, సీరియళ్లకు అది అందలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో టీవీ కార్యక్రమాలు, వెబ్ సీరియళ్లు, రియాలిటీ షోలు కూడా ఉన్నాయి. ప్రభుత్వం నిర్ణయించిన వేతన పరిమితికి లోబడి, నటుడి నుంచి సహాయకుడి వరకు ఆడియో విజువల్ కార్మికులందరికీ నిర్మాత రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలని, దాన్ని సంబంధిత అధికారి దగ్గర నమోదు చేయించాలని అది చెబుతోంది. ఆ కాగితంలో పని ఏమిటో, వేతనం ఎంతో, పని గంటలు ఎన్నో, ఆరోగ్య, భద్రతా ఏర్పాట్లు ఏమిటో ఉండాలి. అర్హత ఉంటే పీఎఫ్ కూడా. కొత్తగా అసిస్టెంట్‌గా చేరుతున్న పిల్లలు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. ప్రొడక్షన్ మేనేజర్‌ను మొదటి రోజే అడగడానికి మొహమాటమైతే యూనియన్ ద్వారా అడిగించవచ్చు. ఈలోగా వచ్చిన టైము, వెళ్లిన టైము, అందిన డబ్బు, తారీఖులతో సహా ఫోన్లో రాసుకోవాలి. ఎవరి చీర ఏ రంగో, ఏ సీన్‌లో ఏ గాజులో అంత శ్రద్ధగా రాసుకునేవారికి అది కష్టమైన పని కాదు.