అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా

అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా ప్రధానంగా లాలాజల గ్రంథులలో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్. ఇది నెమ్మదిగా పెరుగుతుంది. అయితే మొదటి గడ్డను తొలగించిన పది, పదిహేను సంవత్సరాల తరువాత కూడా దూరపు అవయవాలలో బయటపడగలదు. వ్యాధి ఇలా దూరపు అవయవాలకు పాకడాన్ని మెటాస్టాసిస్ అంటారు. 19వ శతాబ్దపు శస్త్రవైద్యుడు థియోడోర్ బిల్‌రోత్ దీనికి సిలిండ్రోమా అని పేరు పెట్టాడు.

పుట్టే స్థానాలు, లక్షణాలు

మనిషికి చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు ఉన్నాయి. అంగిలి, పెదవులు, బుగ్గల లోపలి పొరలలో వందలాది చిన్న గ్రంథులు ఉంటాయి. ఈ క్యాన్సర్ వీటిలో దేనిలోనైనా రావచ్చు. అశ్రుగ్రంథులలోను, శ్వాసనాళంలోను, రొమ్ములోను కూడా అరుదుగా కనిపిస్తుంది. తొలిదశలో ఇది తరచు నొప్పిలేని గడ్డగానే ఉంటుంది. నరాల వెంట పాకడం దీని ముఖ్య స్వభావం. అందువలన ముఖంలో తిమ్మిరి, నొప్పి, కండరాల బలహీనత కలుగవచ్చు.

కణ నిర్మాణం

సూక్ష్మదర్శినిలో ఈ కణాలు జల్లెడ రంధ్రాల వలె, గొట్టాల వలె, లేదా ఘనమైన ముద్దల వలె మూడు రీతులలో కనిపిస్తాయి. ఘనరూపం అధికంగా ఉన్న గడ్డలు ఎక్కువ ప్రమాదకరమైనవి. పలు గడ్డలలో ఎం.వై.బి., ఎన్.ఎఫ్.ఐ.బి. అనే రెండు జన్యువులు కలసిపోయి ఉంటాయని 2009లో కనుగొన్నారు.

ఆలస్యపు వ్యాప్తి

ఈ క్యాన్సర్ శోషరస గ్రంథుల కంటె రక్తం ద్వారా ఎక్కువగా వ్యాపిస్తుంది. ఊపిరితిత్తులు మొదటి స్థానం. ఎముకలు, కాలేయం తరువాతివి. గడ్డను తొలగించే నాటికే స్కానుకు అందనంత చిన్న కణసమూహాలు అక్కడికి చేరి ఉండవచ్చు. ఒక్క కణం ఒక సెంటీమీటరు గడ్డగా మారడానికి సుమారు 30 సార్లు రెట్టింపు కావాలి. ఉదాహరణకు, ఒక్కొక్క రెట్టింపుకు ఆరు నెలలు పడితే ఇందుకు 15 సంవత్సరాలు పడుతుంది.

చికిత్స, పర్యవేక్షణ

శస్త్రచికిత్స, ఆ తరువాత రేడియేషన్ ప్రధాన చికిత్సలు. వ్యాపించిన వ్యాధిపై కీమోథెరపీ ప్రభావం పరిమితం. ఊపిరితిత్తులలో మచ్చలు కనిపించినా, అవి నెమ్మదిగా పెరుగుతున్నంతకాలం కొందరు రోగులు చాలా ఏళ్ళు జీవిస్తారు. అటువంటివారిని వెంటనే మందులు ఇవ్వకుండా గమనిస్తూ ఉండడం కూడా ఒక పద్ధతి.

పలు క్యాన్సర్లలో ఐదేళ్ళు గడిస్తే ప్రమాదం చాలావరకు తొలగినట్లు భావిస్తారు. ఈ వ్యాధికి ఆ కొలత సరిపోదు. ఐదేళ్ళ నాటికి జీవించి ఉన్నవారి శాతం ఎక్కువగానే ఉన్నా, 10, 15, 20 సంవత్సరాలకు అది క్రమంగా తగ్గుతుంది. కాబట్టి రోగి ఆరోగ్యంగా కనిపించినా వైద్యపరీక్షలు, ఊపిరితిత్తుల పరిశీలన జీవితాంతం కొనసాగవలసి ఉంటుంది.