బల్క్ కూలర్ కేంద్రాలకు మేనేజ్డ్ స్విచ్: కొనేముందు చూడవలసినవి

పెదవేగి మండలంలోని సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సెక్రటరీలు మమ్ములను తరచు అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. పాల కేంద్రంలోని కంప్యూటర్లు, ప్రింటరు, కెమెరాలు, ఇంటర్నెట్టు పెట్టె వీటన్నింటినీ కలిపే స్విచ్ ఏది కొనాలి అని. దుకాణంలో మూడు వేలది ఒకటి, ముప్పై వేలది ఒకటి చూపుతారు. రెండింటి మీదా ‘మేనేజ్డ్’ అనే మాటే ఉంటుంది. సంఘం సొమ్ము సభ్యులు పోసిన పాల సొమ్మే గనుక, ఈ తేడా సెక్రటరీకే గాక సభ్యులకు కూడా తెలియడం మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అన్ని సంఘాలకూ ఇది అవసరం లేదు. ఒక కాటా, ఒక పరీక్ష యంత్రం, ఒక కంప్యూటరు ఉన్న చిన్న సంఘంలో కాటా, యంత్రం సాధారణంగా సీరియల్ తీగెతో నేరుగా కంప్యూటరుకు కలిసి ఉంటాయి. వాటి మధ్య స్విచ్ లేదు, ఉండనక్కరలేదు. ఇంటర్నెట్టు పెట్టె వెనుక ఉన్న పోర్టులే చాలు. అటువంటి సంఘం మేనేజ్డ్ స్విచ్ కొంటే, ఆ డబ్బు ఎర్తింగుకు పెట్టి ఉండవలసినదని తనిఖీ నివేదికలో వ్రాయక తప్పదు. మేము చెప్పేది బల్క్ కూలర్ ఉన్న కేంద్రాల గూర్చి. అక్కడ నాలుగైదు ఊళ్ళ పాలు దిగుతాయి. రెండు మూడు కంప్యూటర్లు, ఆరేడు కెమెరాలు, కూలరు ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం అన్నీ ఒకే తీగెల వలలో ఉంటాయి.

స్విచ్ చేసే పని సులువైనదే. ఒక పోర్టులోకి వచ్చిన సమాచారం ఎవరికి ఉద్దేశించినదో చూచి, ఆ పోర్టుకే పంపుతుంది. మామూలు స్విచ్ అంతవరకే. తగిలిస్తే పని చేస్తుంది. మనం దానికి చెప్పేదీ లేదు, అది మనకు చెప్పేదీ లేదు. మేనేజ్డ్ స్విచ్‌కు మనం ఆజ్ఞలు ఇవ్వవచ్చు, ఏ పోర్టులో ఏమి జరిగినదో అడిగి తెలుసుకోవచ్చు. ఈ రెండింటికీ నడుమ ‘స్మార్ట్’ లేక ‘వెబ్ మేనేజ్డ్’ అనే రకం ఉన్నది. మన కేంద్రాలకు కావలసినది ఈ నడిమి రకమే. ఎనిమిది పోర్టుల మామూలు స్విచ్ వెయ్యి, పదిహేను వందలలో దొరికితే, ఇది సుమారు మూడు వేలలో దొరుకుతుంది. వేగం చూచి మోసపోవద్దు. ఒక సభ్యుని పాల వివరాలు పోస్టుకార్డు మీద వ్రాసినంత కూడా ఉండవు. కెమెరాలు ఎక్కువ పంపినా గిగాబిట్ స్విచ్‌కు అది లెక్కలోది కాదు.

ఆ అదనపు సొమ్ముకు వచ్చేది ఏమిటి? ఒక కేంద్రంలో మేము చూచినది చెబుతాము. ఉదయం పూట, క్యాన్లు వరుసలో ఉన్నాయి. గది ఊడ్చినవారు నేలమీద పడి ఉన్న తీగె కొసను చూచి, ఊడిపోయినదనుకొని ఖాళీ పోర్టులో పెట్టారు. దాని రెండవ కొస అదే స్విచ్‌లో ఉన్నది. క్షణాలలో లైట్లన్నీ ఒక్కసారిగా ఆగకుండా కొట్టుకోవడం మొదలైనది. కంప్యూటర్లు ఒకదానికొకటి అందలేదు, చీటీలు రాలేదు. టెస్టరు అంకెలు చేతితో వ్రాయడం మొదలుపెట్టగానే వరుసలో గుసగుసలు లేచాయి. యంత్రం చూపినది ఎంత, కాగితం మీద పడుతున్నది ఎంత అని. ఆ తీగె సంగతి తెలిసేసరికి రెండు గంటలు గడిచినవి. బయట క్యాన్లలో గేదె పాలు వేడెక్కుతున్నవి.

దీనికి కారణం ఈథర్నెట్ పద్ధతిలోనే ఉన్నది. 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయంలో పుట్టిన ఈ పద్ధతిలో, సమాచారపు తునక ఇన్నిసార్లు తిరిగి ఆగిపోవాలన్న గడువు లేదు. అందరినీ ఉద్దేశించి వేసిన కేక ఒకటి వలయంలో పడితే గానుగెద్దులాగా తిరుగుతూనే ఉంటుంది, తీగె అంతా దానితోనే నిండిపోతుంది. దీనికి విరుగుడును 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే మహిళా ఇంజనీరు రూపొందించారు. స్విచ్‌లు తమలో తాము సంప్రదించుకొని, వలయం ఉన్నచోట ఒక దారిని మూసి ఉంచుతాయి. దీనినే స్పానింగ్ ట్రీ అంటారు. చవక రకాలలో ఇది లేకపోయినా లూప్ నివారణ అనే సదుపాయం ఉంటుంది. లైటు వెలిగించి ఊరుకొనేది కాక, ఆ పోర్టును మూసివేసేదే కావాలని అడగాలి. మా దృష్టిలో ఈ ఒక్క గుణానికే మూడు వేలు ఇవ్వవచ్చు.

రెండవది వేరుచేయడం. గొడ్ల పాక ఒకటే అయినా, జబ్బుపశువు ఉంటే మధ్యన తడిక కడతాము గదా. అట్లాగే ఒకే స్విచ్‌లో కొన్ని పోర్టులను ఒక గుంపుగా, కొన్నింటిని మరొక గుంపుగా విడదీయవచ్చు. దీనిని విలాన్ అంటారు. దీని ప్రమాణం 802.1క్యూ, 1998లో వచ్చినది. బిల్లులు తయారయ్యే కంప్యూటర్లు ఒక గుంపులో, కెమెరాలు ఒక గుంపులో, వచ్చినవారు ఫోన్లకు వాడుకొనే వైఫై మరొక గుంపులో ఉండాలి. కొన్ననాటి పాస్‌వర్డు మార్చని కెమెరా ఒక్కటి ఉంటే, దానిగుండా బిల్లుల కంప్యూటరు దాకా దారి ఉన్నట్లే. అయితే ఈ గుంపులన్నింటికీ ఇంటర్నెట్టు అందాలంటే రౌటరు కూడా విలాన్ తెలిసినది కావాలి. ఇది ముందే విచారించుకోవాలి.

జెర్బర్ పరీక్ష రోజులలో బ్యూటిరోమీటరు సభ్యుని కళ్ళ ఎదుటే ఉండేది. అనుమానం వస్తే మళ్ళీ ఆమ్లం పోసి తిప్పేవారు. ఇప్పుడు అంకె తీగెలో పోతున్నది. మంచి స్విచ్‌లో ఏ పోర్టు ఎన్ని గంటలకు తెగినది, ఎప్పుడు తిరిగి కలిసినది నమోదవుతుంది. ఇంటర్నెట్టు నుండి సరియైన సమయం తీసుకొనేటట్లు గడియారం పెట్టుకుంటే, తగవు వచ్చిన పూట సంగతి ఆ చిట్టా చెబుతుంది. కాని ఒక మాట. స్విచ్ వెన్నశాతాన్ని సరిచేయదు. పరీక్ష యంత్రాన్ని వేళకు సరిచూడడం మానివేసి స్విచ్ కొన్న సంఘానికి మేము నమస్కారం పెట్టడం తప్ప చేయగలిగినది లేదు.

కెమెరాలకు అదే తీగెలో కరెంటు ఇచ్చే పీఓఈ రకం కొంటే, మొత్తం వాట్లు ఎన్నో అడగండి. 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్ల వరకు ఇవ్వవచ్చు గాని, ఎనిమిది పోర్టులూ ఒకేసారి అంత ఇవ్వగలవని అర్థం కాదు. మొత్తం 60 వాట్లే ఇచ్చే స్విచ్‌లు ఉన్నవి. కెమెరాలు చీకటిపడినాక లోపలి దీపాలు వెలిగి ఎక్కువ లాగుతాయి. పగలు బాగుండి రాత్రి ఆరిపోయే కెమెరాల రహస్యం చాలాచోట్ల ఇదే. ఆరు కెమెరాలు ఒక్కొక్కటి 8 వాట్లు లాగితే 48. 60 వాట్లది సరిపోతుంది. పది కెమెరాలకు చాలదు.

ఫ్యాను లేనిది కొనండి. దాణా దుమ్ము ఫ్యానును ఎక్కువకాలం తిరగనివ్వదు. ఎంత వేడి తట్టుకుంటుందో కాగితం మీద చూడండి. చవక రకాలు చాలావరకు 40 డిగ్రీల వరకే. మన మే నెల ఎండకు రేకుల గదిలో అది చాలదు. 50 డిగ్రీలది అడగాలి. కైకలూరు, మండవల్లి వైపు కొల్లేటి గ్రామాలలో వేడికన్నా చెమ్మ ఎక్కువ బాధ. అక్కడ గోడకు ఆనించకుండా, నేలకు నాలుగడుగుల ఎత్తున మూత ఉన్న పెట్టెలో బిగించాలి.

పెదవేగి పామాయిలు తోటల మధ్య బోరు మోటార్లు అన్నీ ఒకేసారి ఆడినప్పుడు ఓల్టేజి ఎట్లా పడిపోతుందో సభ్యులకు తెలుసు. స్విచ్‌కు, ఇంటర్నెట్టు పెట్టెకు చిన్న యూపీఎస్ ఉండాలి, ఎర్తింగు సరిగా ఉండాలి. ఆఫీసు నుండి జనరేటరు షెడ్డుకో, దూరపు కెమెరాకో ఆరుబయట రాగి తీగె లాగితే పిడుగుకు దారి వేసినట్లే. పైగా రాగి తీగె 100 మీటర్లకు మించి పనిచేయదు. అటువంటి చోట ఫైబర్ వేయాలి. అందుకు స్విచ్‌లో ఎస్‌ఎఫ్‌పీ పోర్టు ఒకటైనా ఉండాలి.

ఇక కొటేషన్లు. తక్కువ ధరకు ఇచ్చినవానిది తీసుకోవడం సరియే, అందరూ ఒకే వస్తువుకు ధర ఇచ్చినప్పుడు. ‘ఎనిమిది పోర్టుల స్విచ్ ఒకటి’ అని వ్రాసి పంపితే మూడు దుకాణాలు మూడు రకాల వస్తువులకు ధర ఇస్తాయి, పాలకవర్గం అన్నింటిలో నాసిదానిని ఎన్నుకుంటుంది, ఆడిటుకు మాత్రం అభ్యంతరం ఉండదు! పోర్టుల సంఖ్య, విలాన్, లూప్ నివారణ, మొత్తం పీఓఈ వాట్లు, ఉష్ణోగ్రత హద్దు, వారంటీ సంవత్సరాలు, చెడితే మార్పిడి ఎక్కడ, ఎన్ని రోజులలో ఇవన్నీ లేఖలోనే వ్రాయాలి. వారంటీకి ఏలూరులో ఇస్తే సరిపోతుందా, విజయవాడ పోవాలా అన్నది కూడా ధరలో భాగమే. ఏటా చందా కడితేగాని సెట్టింగులు మార్చనివ్వని రకాలు ఉన్నవి. ఇంటర్నెట్టు లేకపోయినా కేంద్రంలోని కంప్యూటరు నుండి మార్చుకోగలగాలని స్పష్టంగా వ్రాయండి. మోడలు నంబరు చివరి అక్షరం వరకు సరిచూడండి. ఉదాహరణకు టీపీ-లింక్ వారి టీఎల్-ఎస్‌జీ108 మామూలు స్విచ్. చివర ‘ఈ’ చేరిన టీఎల్-ఎస్‌జీ108ఈ సెట్టింగులు పెట్టుకొనేది. పైకి రెండూ ఒకేలాగ కనిపిస్తాయి. బిల్లులో ఆ అక్షరం లేకపోతే సరుకు దించుకోవద్దు.

బిగించిన రోజుననే పాస్‌వర్డు మార్పించాలి. బిగించినవాడు తన ఫోనులో ఉంచుకొని పోతే స్విచ్ సంఘానిది కాదు, వానిది. పాస్‌వర్డు, ఏ పోర్టులో ఏ తీగె ఉన్నదో తెలిపే పటము కవరులో పెట్టి సీలువేసి సంఘం బీరువాలో ఉంచాలి. సెట్టింగుల నకలు ఒక పెన్‌డ్రైవులో ఉండాలి. తీగెలకు రెండు కొసలా చీటీలు అంటించడానికి పదిరూపాయల ఖర్చు లేదు, ఎవరూ చేయరు.

వెయ్యి రూపాయల మామూలు స్విచ్ ఒకటి విడిగా కొని స్టాకు రిజిస్టరులో వ్రాసి ఉంచండి. పాలు పూటపూటకూ వస్తాయి, మార్పిడి సరుకు వచ్చేదాకా ఆగవు. పెద్దది చెడిన పూట బిల్లుల కంప్యూటర్లు, ప్రింటరు, ఇంటర్నెట్టు తీగె ఈ మూడింటినే ఈ చిన్నదానికి తగిలించండి. కెమెరాలను, వైఫైని తగిలించకండి. తడిక లేని పాకలో అన్నీ కలిసిపోతాయి.