పెరిగిన గుర్రానికి తొలి జీను

“మొక్కై వంగనిది మానై వంగుతుందా?” అన్న సామెత అందరికీ తెలిసిందే. గుర్రాల విషయంలోనూ చాలామంది ఈ మాటే అంటారు. మామూలుగా గుర్రానికి రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ లోపల జీను అలవాటు చేస్తారు. అయితే ఎనిమిదేళ్ళు, పదేళ్ళు వచ్చినా వీపు మీద మనిషి బరువు ఎరగని గుర్రాలు కూడా ఉంటాయి. కేవలం పిల్లల కోసం ఉంచిన ఆడగుర్రం, యజమాని మరణించాక ఎవరూ పట్టించుకోక పచ్చికలోనే పెరిగిపోయిన గుర్రం, ఎక్కబోయిన వాణ్ణి ఒకసారి పడేసినందుకు వదిలేసిన గుర్రం... ఇలా కారణాలు అనేకం. అటువంటి గుర్రాన్ని చూసి “ఇక ఇది పనికిరాదు” అని తేల్చేస్తారు.

ఈ తీర్పు చిన్నదేమీ కాదు. బాగా చూసుకుంటే గుర్రం పాతికేళ్ళు, ఒక్కోసారి ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. అంటే ఎనిమిదేళ్ళ గుర్రానికి ఇంకా పదిహేను, ఇరవై ఏళ్ళ జీవితం మిగిలే ఉంది. ఏ పనికీ రాని గుర్రానికి అన్నేళ్ళు దాణా పెట్టేవాళ్ళు అరుదు. అది చేతులు మారుతుంది. ప్రతి కొత్త చెయ్యీ మునుపటి కంటే కఠినంగా ఉంటుంది. కనుక పెరిగిన గుర్రానికి సవారీ నేర్పడం యజమాని సరదా కోసం మాత్రమే కాదు. ఆ మూగజీవి మిగిలిన బతుకుకు అదొక భద్రత. సామెత చెట్టుకు వర్తిస్తుందేమో గాని, గుర్రానికి వర్తించదు. పెరిగిన గుర్రం నేర్చుకుంటుంది. నేర్పేవాడు తొందరపడితేనే పని చెడుతుంది.

మాటల్లో దాగిన అర్థం

గుర్రానికి సంబంధించి మనం తెలుగులో వాడే జీను, లగాము, రికాబు, సవారీ వంటి మాటలు ఫారసీ, అరబీ భాషల నుంచి వచ్చినవే. శిక్షణకు అరబీలో ఉన్న మాటలు ఇంకా ఆసక్తికరమైనవి. లొంగని గుర్రప్పిల్లను సాధు చేయడాన్ని ‘రియాజత్’ అంటారు. గాయకుడు తెల్లవారుజామున చేసే సాధనకు ఉర్దూలో ‘రియాజ్’ అన్న పేరు ఈ ధాతువు నుంచే వచ్చింది. ఇమామ్ గజాలీ (మరణం 1111) తన ‘ఇహ్యా’ గ్రంథంలో మనసును అదుపులో పెట్టుకోవడం గురించి రాసిన భాగానికి ‘రియాజతున్నఫ్స్’ అని పేరు పెట్టారు. గుర్రాలను చూసుకునే మనిషిని సాయీసు అంటాం. రాజ్యపాలనకు వాడే ‘సియాసత్’ కూడా ఆ కుటుంబంలోని మాటే.

దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వ్యర్థం కాని కాలక్షేపాలుగా మూడింటిని పేర్కొన్నారు. వాటిలో ఒకటి మనిషి తన గుర్రానికి శిక్షణ ఇచ్చుకోవడం. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉన్న ఈ హదీసులో శిక్షణకు వాడిన పదం ‘తాదీబ్’. అంటే అదబ్ నేర్పడం. పిల్లలకు మంచీ మర్యాదా నేర్పడానికి వాడేది కూడా ఈ మాటే. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మాట వినని ఒంటెను ఎక్కి, దాన్ని అటూ ఇటూ గుంజుతుంటే ప్రవక్త (స) ఆమెకు మృదువుగా వ్యవహరించమని చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. లొంగని జంతువును ఎక్కిన వారికే ఆ హితవు చెప్పారన్నది గమనించాలి. సాధు జంతువు పట్ల మృదువుగా ఉండటం ఎవరికైనా సులువే.

ముందు వైద్యుడు చూడాలి

పశువైద్యుణ్ణి ఉర్దూలో బైతార్ అనీ, సలోత్రీ అనీ అంటారు. మొదటి మాట అరబీ నుంచి వచ్చింది. రెండోది అశ్వశాస్త్రం చెప్పిన శాలిహోత్రుడి పేరు మీద ఏర్పడింది. పేరు ఏదైనా, గుర్రానికి జీను చూపించే ముందు వైద్యుడికి చూపించాలి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా ముతజిద్ గుర్రపుశాలల అధికారి ఇబ్న్ అఖీ హిజామ్ స్వారీనీ, అశ్వవైద్యాన్నీ కలిపి ఒకే గ్రంథంగా రాశారు. ఆ రెండూ విడదీయరానివన్న సంగతి ఆనాటి వారికి బాగా తెలుసు.

ముఖ్యంగా నోరు, వీపు, కాళ్ళు, కళ్ళు పరీక్షించాలి. కళ్ళెం ఇనుము ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఉండే ఖాళీ చిగురు మీద ఆనుతుంది. దవడ పళ్ళ ముందు కొన్ని గుర్రాలకు చిన్న అదనపు పన్ను మొలుస్తుంది. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గను కోస్తుంటాయి. ఇవేవీ చూడకుండా కళ్ళెం వేస్తే గుర్రం తల ఎగరేస్తుంది. దాన్ని మనం మొండితనం అనుకుంటాం. నిజానికి అది నొప్పి.

వయసు వల్ల ఒక లాభం కూడా ఉంది. గుర్రం వెన్నెముకలోని ఎముకలు పూర్తిగా ముదరడానికి దాదాపు ఆరేళ్ళు పడుతుంది. రెండేళ్ళకే పందేల్లో పరుగెత్తే గుర్రం లేత ఎముకల మీద బరువు మోస్తుంది. ఎనిమిదేళ్ళ గుర్రానికి ఆ ఇబ్బంది లేదు. కాకపోతే దాని ఎముక ముదిరినా కండ సిద్ధంగా ఉండదు. బరువు మోసే కండలు వీపు మీద, పొట్ట కింద నెమ్మదిగా ఏర్పడాలి.

గతం తెలుసుకోవాలి

ఈ గుర్రానికి ఇన్నాళ్ళు జీను ఎందుకు పడలేదు? ఇది యజమాని తప్పక తెలుసుకోవలసిన సంగతి. మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన గుర్రానికి తెలియనితనం ఉంటుంది, అంతే. ఒకరు ప్రయత్నించి, కొట్టి, ఓడిపోయి వదిలేసిన గుర్రానికి మాత్రం భయం ఉంటుంది. పైగా గట్టిగా గుంజితే మనిషి చేతిలోంచి తప్పించుకోవచ్చన్న సంగతి కూడా అది నేర్చుకుని ఉంటుంది. మొదటిదానికి పాఠం చెబితే చాలు. రెండోదాని చేత పాత పాఠం మరిపించి కొత్తది చెప్పాలి. దానికి ఎక్కువ కాలం పడుతుంది.

గుర్రం స్వభావరీత్యా వేట జంతువులకు ఆహారమయ్యే జీవి. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనుక మాత్రం కనిపించదు. పులి, సింహం దూకేది దాని వీపు మీదికే. అక్కడే మనం ఎక్కి కూర్చోవాలనుకుంటున్నాం. ఈ ఒక్క విషయం గుర్తుంటే గుర్రం బెదిరినప్పుడు మనకు కోపం రాదు.

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో సికందర్ బుసెఫలస్ అనే గుర్రాన్ని లొంగదీసిన వృత్తాంతాన్ని గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. అనుభవజ్ఞులంతా చేతులెత్తేసిన గుర్రం అది. అది తన నీడను చూసి బెదురుతోందని బాలుడైన సికందర్ గమనించాడు. దాని ముఖం సూర్యుడి వైపు తిప్పాడు. కాసేపు పక్కనే నడుస్తూ నిమిరాడు. ఆ తర్వాతే ఎక్కాడు. అంతకుముందు విఫలమైన వారికి బలం తక్కువై కాదు. భయానికి కారణం వాళ్ళు వెతకలేదు.

నేల మీదే సగం చదువు

జీను వేయడానికి ముందు గుర్రం నేల మీద కొన్ని విషయాలు నేర్వాలి. తలకు పట్టీ కట్టించుకోవడం, మనిషి పక్కన గుంజకుండా నడవడం, ఆగమంటే ఆగడం, వెనక్కి అడుగు వేయడం, నాలుగు కాళ్ళూ ఎత్తి ఇవ్వడం. వీటన్నిటికీ పద్ధతి ఒక్కటే. రొమ్ము మీద అరచేయి ఆనించి మెల్లగా నొక్కాలి. గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేయగానే, ఆ క్షణమే చెయ్యి తీసేయాలి. ఒత్తిడి తొలగినప్పుడే తాను సరైన పని చేశానని దానికి అర్థమవుతుంది. చెయ్యి ఆలస్యంగా తీస్తే ఏ పనికి బహుమతి దొరికిందో దానికి తెలియదు.

తర్వాత మెత్తని గుడ్డతో మెడ, మూపు, వీపు, పొట్ట, కాళ్ళు రుద్దాలి. గుర్రం ఒళ్ళు బిగిస్తే అక్కడే ఆగాలి. తల దించి, పెదాలు నాకుతూ, దీర్ఘంగా ఊపిరి వదిలితే అది కుదుటపడిందని గుర్తు. చెవులు వెనక్కి అతుక్కుపోయినా, తోక విసురుతున్నా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తున్నా ఆనాటి పాఠం తేలిక చేయాలి. ఎడమ పక్క నేర్చినదంతా కుడి పక్క మళ్ళీ నేర్పాలి. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాల పాఠం సరిపోతుంది. గుర్రం విసిగే లోపలే, అది బాగా చేసిన పనితో ముగించాలి.

జీను, ఆ తర్వాత మనిషి

మొదట జీను కింద వేసే మెత్తను వేసి తీయాలి. దానికి అలవాటు పడ్డాక జీను ఉంచాలి. పొట్ట కింద బిగించే తంగును ఒకేసారి గట్టిగా లాగకూడదు. ఒక్కో రంధ్రం చొప్పున, మధ్యలో నాలుగడుగులు నడిపిస్తూ బిగించాలి. ఈ దశలో చాలా గుర్రాలు ఎగురుతాయి. ఎగరనివ్వాలి, దండించకూడదు. పచ్చిక మేసి పెరిగిన గుర్రం వీపు వెడల్పుగా ఉంటుంది. కాబట్టి మరో గుర్రానికి కొలిచిన జీను దీనికి సరిపోకపోవచ్చు. పని నేర్చే కొద్దీ కండ మారుతుంది కనుక కొన్ని నెలల తర్వాత మళ్ళీ సరిచూడాలి.

తొలి సవారీ రోజు ఒంటరిగా ఎక్కడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. తల దగ్గర గుర్రం నమ్మిన మనిషి ఒకరు ఉండాలి. ఎక్కేవాడి తలకు హెల్మెట్, కాలికి మడమ ఉన్న బూటు ఉండాలి. మొదటిసారి జీను మీద బోర్లా వాలి, బరువు తెలిసేలా చేసి, వెంటనే దిగిపోవాలి. ఇలా అనేకసార్లు చేశాక కాలు వేసి కూర్చోవాలి. రెండు మూడు అడుగులు నడిపించి దిగడమే ఆనాటికి విజయం. మనిషి, జీను కలిపి బరువు గుర్రం బరువులో అయిదో వంతుకు మించకూడదన్నది ఎక్కువమంది పాటించే లెక్క. 400 కిలోల గుర్రానికి 80 కిలోలన్న మాట. కొత్త గుర్రానికి ఇంకా తక్కువైతే మేలు.

బరువు, దూరం సిద్ధతను బట్టి ఉండాలన్న నియమానికి హదీసుల్లోనే ఒక ఉదాహరణ ఉంది. ప్రవక్త (స) మదీనాలో గుర్రపు పందేలు నిర్వహించినప్పుడు, మేతా కసరత్తుతో సిద్ధం చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు దూరం పెట్టారు. అది అయిదారు మైళ్ళు. సిద్ధం చేయని గుర్రాలకు సనియ్యా నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు, అంటే సుమారు ఒక మైలు మాత్రమే పెట్టారు. ఈ వివరాలు బుఖారీలో ఉన్నాయి.

ఖైదీలు నేర్పిన గుర్రాలు

పెరిగిన గుర్రాలు నేర్చుకోగలవనడానికి నేటి కాలపు నిదర్శనం అమెరికాలో ఉంది. అక్కడ అడవి గుర్రాల రక్షణకు 1971లో చట్టం వచ్చింది. మందలు పెరిగిపోయినప్పుడు కొన్నింటిని పట్టి పౌరులకు దత్తత ఇస్తారు. మనిషి తాకిడి ఎరగని ఈ గుర్రాలకు జైళ్ళలో ఖైదీల చేత శిక్షణ ఇప్పించారు. కొలరాడో రాష్ట్రంలో ఇది 1986లో మొదలైంది. నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ జైలులో సుమారు 120 రోజులు నేర్పి, సవారీకి సిద్ధమైన గుర్రాలను వేలంలో అమ్మారు. నేర్పినవారిలో అంతకుముందు గుర్రాన్ని ముట్టుకోనివారు కూడా ఉన్నారు. కోపంతో దగ్గరకు వెళితే గుర్రం దూరం జరుగుతుంది. ఆ సంగతి గుర్రమే వారికి నేర్పింది.

ముళ్ళ కళ్ళెం వద్దు

మన పెళ్ళి ఊరేగింపుల్లో వరుణ్ణి మోసే గుర్రాన్ని ఒకసారి గమనించండి. బ్యాండు మోత, టపాకాయలు, కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపాలు. సక్రమంగా శిక్షణ పొందని గుర్రాన్ని ఆ గోలలోకి తీసుకువచ్చి, అదుపు కోసం నోట్లో ముళ్ళున్న కళ్ళెం పెట్టేవాళ్ళు ఉన్నారు. ఉర్దూలో దీన్ని కాంటా లగామ్ అంటారు. అది నాలుకనూ, పెదవులనూ చీలుస్తుంది. మనదేశంలో 1965 నాటి నిబంధనల ప్రకారం దాని వాడకం నిషిద్ధం. శిక్షణకు వెచ్చించని నెలల ఖరీదును ఆ గుర్రం తన నోటి నెత్తురుతో చెల్లిస్తోంది. పెళ్ళికి గుర్రం మాట్లాడుకునేవారు బేరానికి ముందు దాని నోరు చూడాలి. ముళ్ళు కనబడితే ఆ గుర్రాన్ని కాదనాలి.

గుర్రాలకు నేర్పే నిపుణుణ్ణి ఉర్దూలో చాబుక్ సవార్ అంటారు. చాబుక్ అనగానే మనకు కొరడా గుర్తొస్తుంది. ఫారసీలో ఆ మాటకు చురుకైన, నేర్పుగల అన్న అర్థం కూడా ఉంది. పెరిగిన గుర్రం దగ్గరికి ఆ రెండో అర్థంతో వెళ్ళాలి. ఒక గుర్రానికి మూడు నెలలు పట్టవచ్చు, మరోదానికి ఏడాది పట్టవచ్చు. కొన్ని గుర్రాలు వైద్య కారణాల వల్ల ఎన్నటికీ సవారీకి రాకపోవచ్చు. అప్పుడు కూడా తల పట్టించుకుని, కాళ్ళు ఎత్తి ఇచ్చి, మనిషి వెంట నెమ్మదిగా నడవడం నేర్చిన గుర్రాన్ని చూసుకోవడం సులువు. యజమాని పడిన శ్రమ ఏ విధంగానూ వృథా పోదు.