వెయ్యి రూపాయల డాక్ చాలు

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. సీడీ లెక్క ప్రకారం శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసి పెడతారు. ఆ అంకెలను మళ్ళీ స్పీకరుకు అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మార్చే పరికరమే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, వాడుకలో డాక్. ఇది ప్రతి లాప్‌టాప్‌లోనూ ముందే ఉంటుంది. విడిగా కొనబోతే ధర వందల్లో మొదలై లక్షల దాకా పోతుంది. మా నెల్లూరు జిల్లా మర్రిపాడులో గానీ, ఆత్మకూరు, ఉదయగిరిలో గానీ ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పాటలు వినేవాళ్ళు డాక్ మీద వెయ్యి, మహా అయితే రెండు వేలు దాటి పెట్టడం దండగ అని నా వాదన. డి.సి.పల్లి వేలంలో పొగాకు అమ్ముకుని తెచ్చిన డబ్బయినా, నెల జీతమయినా ఈ లెక్క మారదు.

1982లో సోనీ తన మొదటి సీడీ ప్లేయర్‌ను 1,68,000 యెన్లకు అమ్మింది. అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పులు అప్పట్లో ఖరీదైన సరుకు. ఇప్పుడు యాపిల్ కంపెనీ అమ్మే టైప్-సి హెడ్‌ఫోన్ అడాప్టర్‌లో, వేలెడంత తీగలో, పూర్తి డాక్ ఉంది. ధర వెయ్యికి అటూ ఇటూ. పరికరాలతో కొలిచినప్పుడు దాని రొద, వక్రీకరణ కలిపి అసలు పాట కన్నా దాదాపు 99 డెసిబెల్స్ కింద ఉన్నాయని తేలింది. 16 బిట్ల సీడీకి సిద్ధాంతరీత్యా ఉన్న హద్దే సుమారు 96. అంటే సీడీలో ఏముందో అదంతా బయటికి వచ్చేసినట్టే. గదిలో పాట 90 డెసిబెల్స్‌తో మోగుతున్నా ఆ లోపం మనిషి చెవికి ఆనే కనిష్ఠ స్థాయి కన్నా కిందే ఉండిపోతుంది. నెత్తిమీద తిరిగే ఫ్యాను చప్పుడే 40 డెసిబెల్స్ దాటుతుంది మరి!

సీడీని మించిన వివరంతో వచ్చే హై-రిజల్యూషన్ సంగీతం సంగతేమిటని అడుగుతారు. ఈ.బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ అనే ఇద్దరు అమెరికన్లు 2007లో ప్రచురించిన పరీక్షలో, హై-రిజల్యూషన్ సంగీతం ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి దించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 49.8 శాతం. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాలను కలిపి లెక్కగడితే 52.3 శాతం వచ్చింది, శిక్షణ పొందిన శ్రోతల్లో 60 దాటింది. తేడా ఉండొచ్చు, ఒప్పుకుందాం. కానీ ఎంతో శ్రద్ధ పెట్టి విన్న చోట కూడా అంత సన్నగా దొరికిన తేడా కోసం వేలు పోయాలా? పైగా మనం వినే పాటలేవి? ‘మాయాబజార్’ 1957 నాటిది. నెల్లూరులో పెరిగిన బాలసుబ్రహ్మణ్యానికి తొలి జాతీయ అవార్డు తెచ్చిన ‘శంకరాభరణం’ 1980లో వచ్చింది, సీడీ బజారుకెక్కక ముందే. ఆ టేపుల్లో ఉన్న రొద ముందు ఏ డాక్ రొదా లెక్కలోకి రాదు.

‘ఖరీదైనది పెట్టి విన్నాం, తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది’ అనేవాళ్ళు అబద్ధమాడుతున్నారని అనను. ఒక డాక్ మరో దానికన్నా కాస్త గట్టిగా పలికితే చాలు, అదే మెరుగని చెవి తీర్పిస్తుంది. రెండింటి వాల్యూమ్ మీటరుతో సరిచేసి, ఏది మోగుతోందో చూడకుండా వింటే ఆ తేడా చాలాసార్లు మాయమవుతుంది.

అలాంటప్పుడు అసలు కొనడమెందుకు? లాప్‌టాప్ జాక్‌లో పాట లేనప్పుడు బుసబుసలు, మౌస్ కదిలినప్పుడల్లా కీచుకీచులు వినిపిస్తుంటే కొనాలి. వినిపించకపోతే అక్కర్లేదు. గుయ్‌మనే హమ్మింగ్ వేరే జబ్బు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. అప్పుడు ఆగితే తప్పు ఎర్తింగ్ దారుల్లో ఉంది, డాక్ మారిస్తే పోకపోవచ్చు. కంప్యూటర్, యాంప్లిఫైయర్ రెండూ ఒకే ప్లగ్గు బోర్డుకు కలిపితే చాలాసార్లు తగ్గుతుంది. హమ్మింగ్ పోతుందని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, అది ప్రాణం కాపాడే పిన్ను.

కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. వంద రూపాయలకు దొరికే టైప్-సి అడాప్టర్లలో కొన్నింటికి డాక్ ఉండదు, వట్టి తీగలే. అవి చాలా లాప్‌టాప్‌లలో మూగగా ఉండిపోతాయి. ‘లోపల డాక్ చిప్పు ఉందా?’ అని అడిగి, తిరిగి తీసుకుంటామన్న చోటే కొనండి. యాపిల్ అడాప్టర్ కంప్యూటర్‌కు బాగానే ఉన్నా, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సన్నగా పలుకుతుంది. డాక్ మీద మిగిల్చిన డబ్బు స్పీకర్లకు పెట్టండి, వాటిని గోడ మూలల నుంచి ముందుకు జరపండి. చెవికి తెలిసే తేడా అక్కడ వస్తుంది.