పాత కంప్యూటరు మూగపోయినప్పుడు
పూడిమడక ఒడ్డుకు వచ్చే రెండు పడవలవారు ఒకే గుడ్డ ఊపి పిలిచినారనుకొందాం. ఒడ్డున ఉన్నవాడు ఎవరికి సాయం పోవలెను? విండోస్ 98 గల కంప్యూటరు మూగపోవుటకు తరచు ఇటువంటి తికమకే కారణం.

సౌండు కార్డు సంఖ్యలను ధ్వనిగా మార్చుటకు తోడ్పడును. దాని భాష ఎరిగిన దుబాసి డ్రైవరు అనే ప్రోగ్రాము. కాని దుబాసి ఎంత నేర్పరియైనా పిలుపు అందవలెను గదా! ప్రాసెసరును పిలిచే తీగలకు సంఖ్యలున్నవి, వీటినే ఐ.ఆర్.క్యూ. అందురు. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 మామూలుగా 5వ తీగను వాడును. రెండవ ప్రింటరు ద్వారం ఉంటే దానిదీ 5వదే. అప్పుడు పాట మొదటి ముక్కే మరల మరల వినబడవచ్చును.

డివైస్ మేనేజరులో కార్డు పేరు ప్రక్కన పసుపు వలయంలో ఆశ్చర్యార్థకం కనబడితే, కార్డు చెడినదని పారవేయరాదు. వనరుల పట్టికలో ఢీకొన్న సంఖ్యను చూచి, 10 ఖాళీగా ఉంటే కార్డును దానికి మార్చి, యంత్రమును తిరిగి ప్రారంభించవలెను.