మూడు శిఖరాలు – ఆరు మార్పులు

పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు దక్షిణంగా ఉన్న కోటప్పకొండకు త్రికూట పర్వతమని మరో పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని దానికి మూడు శిఖరాలు. ఇప్పటి త్రికోటేశ్వరాలయం బ్రహ్మ శిఖరం మీద ఉంది. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలూ కనిపిస్తాయని పెద్దలంటారు. ఇది ఎలా సాధ్యం?

పెరట్లో మూడు కర్రలను త్రిభుజాకారంలో పాతండి. కొంచెం దూరంగా వాటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ఆరు చోట్ల మాత్రమే ఏవో రెండు కర్రలు ఒకదాని వెనుక ఒకటి చేరి ఒక్కటిగా కనిపిస్తాయి. ఎందుకంటే, రెండు కర్రలను కలిపే గీతను ఇరువైపులా పొడిగిస్తే అది మీ దారిని రెండు చోట్ల ఖండిస్తుంది. అలాంటి గీతలు మూడు; 3 × 2 = 6. ఆ చోటు దాటగానే ఆ రెండు కర్రలూ ఎడమా కుడీ మారిపోతాయి. మిగిలిన దారంతా మూడూ విడివిడిగానే ఉంటాయి. కలిసిన చోట కూడా వెనుకది తగినంత పొడవైతే ముందుదాని పైనుంచి తల చూపుతుంది.

మరి మూడు కర్రలూ ఒకే వరుసలో ఉంటే? చేసి చూడండి.

ఇక పెద్దలతో కలిసి గిరిప్రదక్షిణకు వెళ్లండి. కొండకు మరీ దగ్గరగా ఉంటే చెట్లు, ముందరి గుట్టలు అడ్డు వస్తాయి. కనుక తెరపి ఉన్న చోటల్లా ఆగి, శిఖరాల వరుసను పుస్తకంలో గీయండి. దగ్గరిది ఎత్తుగా తోస్తుంది, మోసపోకండి! పెద్దల మాట ఎంతవరకు నిజమో మీ బొమ్మలే చెబుతాయి.